కళ్లం మీద పెళ్లి పందిరి

ఆ ఏడు వేసవిలో మధ్యాహ్నం పూట మా పడకగది కప్పు మీద ఒక వాగు పారేది.

అన్నాలయ్యాక వంటిల్లు సర్ది, నేను చాప మీద నడుం వాల్చే వేళకి కిటికీలోంచి ఒక వెలుగు వచ్చి సున్నం కప్పు మీద పడేది. పడి ఊరుకునేది కాదు. కొబ్బరాకులు కదిలినప్పుడల్లా విరిగి, మళ్లీ అతుక్కుని, తళతళలాడుతూ తూర్పు గోడ వైపు మెల్లగా పాకేది. దూరంగా సముద్రం హోరు. దగ్గరగా కొబ్బరాకుల చప్పుడు, వాన పడుతోందని మోసం చేసే చప్పుడు. తోటల్లోంచి ముగ్గి రాలిన జీడిపళ్ల పులిసిన వాసన. ఆ మూడూ కలిస్తే మా ఉద్దానంలో ఎంతటివాళ్లూ మెలకువగా ఉండలేరు. ఊరంతా ఒకే కునుకులో మునిగిపోయేది. కోళ్లు కూడా కూతకి సగంలో ఆగిపోయేవి.

"అమ్మా, గెడ్డ," అనేది నా పక్కన పడుకున్న సంతోషి. వాగుని మా వైపు గెడ్డ అంటాం. సంతోషి నా కూతురు. అప్పటికి నాలుగేళ్లు.

"ఊఁ, గెడ్డే. కళ్లు మూసుకో."

"ఎక్కడికెల్తంది?"

"సముద్రంలోకి. పడుకో."

"మరి ఎక్కడ్నించి వొత్తంది?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పే లోపలే నాకు నిద్ర పట్టేసేది. అది ఎక్కడి నుంచి వస్తోందో చెప్పకపోవడమే మంచిదని కూడా అనుకునేదాన్ని. మా ఇంటి ఎదుట రోడ్డుకి అవతల పిక్కల కళ్లంలో ఉన్న ఇనప జారుడుబల్ల మీద ఎండ పడి, మా కప్పు మీదకి ఎగిరేది.

ఆ కళ్లం మా బావగారు మన్మథరావుది. మా ఆయన పెదనాన్న కొడుకు ఆయన. జీడిపిక్కలు ఎండబోసుకోవడానికి వాళ్ల తాతగారు చేయించిన గచ్చు అది. ఆ పెద్దాయన తెలివైనవాడు. ఏ కాలంలో పొద్దు ఎటు నడుస్తుందో చూసి, పొద్దున మొదలు సాయంత్రం దాకా కాకి నీడైనా పడని చోటు వెతికి, చుట్టూ ఉన్న కొబ్బరిచెట్లు కొట్టించి మరీ గచ్చు వేయించాడు. అలాంటి ఎండ ఈ ప్రాంతంలో మరెక్కడా దొరకదని మావాళ్లు గొప్పగా చెప్పుకునేవారు. తరవాత్తరవాత పిక్కలు తోటలోంచే లారీ ఎక్కి పలాస ఫ్యాక్టరీలకి పోవడం మొదలయ్యాక కళ్లం ఖాళీ పడింది.

మా బావగారు ఏదో పెళ్లికని విశాఖపట్నం వెళ్లి, అక్కడ పిల్లల పార్కు చూసి వచ్చారు. వెంటనే కాశీబుగ్గలో వెల్డింగు చేయించి ఒక జారుడుబల్ల, రెండు ఉయ్యాలలు తెప్పించారు. బల్ల పైన ఇనప కమాను. కమాను మీద ఎర్ర రంగుతో వాళ్ల నాన్న జగదీశ్వరరావుగారి పేరు, సోంపేట బస్సులో కూర్చున్నవాళ్లు కూడా చదువుకునేంత పెద్దగా. చలికాలంలో ప్రారంభోత్సవం జరిగింది. పిల్లలు జారారు, పెద్దలు చప్పట్లు కొట్టారు, అందరికీ లడ్డూలు పంచారు. నోట్లో లడ్డూ ఉండగా ఎండాకాలం ఎవరికి గుర్తొస్తుంది?

పిక్కలు ఎండడానికి ఎన్నుకున్న చోట పిల్లల్ని ఎండబోశామని చైత్రం వస్తేగానీ మాకు తెలియలేదు. మా అత్తగారు కామేశ్వరమ్మ మాత్రం ముందే గ్రహించారు. సంతోషి ఆడుకుని రాగానే దాన్ని ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, పిక్క ఎండిందో లేదో చూసినట్టు ఊపేవారు.

"ఇంకా గల్లుమన్నేదే. ఇంకో పూట ఎండాల."

నవ్వుకునేవాళ్లం. ఒక మధ్యాహ్నం ఆ నవ్వు ఆగిపోయింది.

ఆ రోజు నాకు మెలకువ వచ్చేసరికి కప్పు మీద వాగు పారుతూనే ఉంది. పక్కన చాప ఖాళీగా ఉంది. వీధి తలుపు ఓరగా తెరిచి ఉంది. బయట ఎండ తెల్లగా, చప్పుడు లేకుండా నిలబడి ఉంది. నేను ఇంకా నిద్రలోనే ఉన్నానేమో, కలలో నడిచినట్టు చెప్పుల్లేకుండా రోడ్డు దాటాను. తారు మీద నీళ్లలాంటిదేదో వణుకుతూ నాకంటే ముందు నడిచింది. అరికాళ్లు కాలుతున్నాయని గచ్చు మీదకి వెళ్లాకగానీ తెలియలేదు.

సంతోషి బల్ల కింది చివరే చతికిలబడి ఉంది. ఏడవడం లేదు. మొహం ఎర్రగా, పొడిగా ఉంది. ఒక్క చెమట చుక్క లేదు. ఆ వేడిలో పిల్ల ఒంటిమీద చెమట లేకపోవడం చూసి దాన్ని దగ్గరికి లాక్కున్నాను.

"గెడ్డలో తానం సేద్దారని వొచ్చినానమ్మా," అంది మెల్లగా. "నీల్లు కాల్తన్నాయి."

ఎత్తుకుని పరుగెత్తాను. నూతి దగ్గర నీడలో కూర్చోబెట్టి బట్టలు విప్పి చూస్తే తొడల వెనక చర్మం ఎర్రగా కమిలి, రెండు చోట్ల పొక్కింది. చల్లని నీళ్లు పోస్తూనే ఉన్నాను. ఇరుగుపొరుగు లేచి వచ్చారు. ఒకరు పళ్ల పేస్టు తెచ్చారు, ఒకరు సిరా, ఒకరు పెరుగు. అన్నీ తీసుకుని అరుగు మీద వరసగా పెట్టి, మళ్లీ నీళ్లే పోశాను. తడిగుడ్డతో మెడా చంకలూ తుడిచాను. మా అత్తగారు నిమ్మకాయ పిండి, ఉప్పూ పంచదారా వేసి గుక్క గుక్కా తాగించారు. మా నీళ్లే కిడ్నీలు పాడుచేస్తాయంటారు, అందుకే ఉద్దానంలో పిల్లలకి నీళ్లు తాగమని చెప్పడానికీ భయమే, తాగొద్దని చెప్పడానికీ భయమే. ఆ రోజు రెండో భయమే పెద్దదైంది.

పొద్దు వాలాక దాని ముక్కు మీద చిన్న చెమట బొట్టు మెరిసింది. ఆ తరవాత జంతికలు అడిగింది. అప్పుడు కూర్చున్నాను నేను. మా ఆయన రాజేంద్ర స్కూటరు మీద పలాస తీసుకెళ్లి చూపించారు. నీళ్లు పోసి మంచి పని చేశారనీ, ఇంకాసేపు ఆ ఎండలో ఉండుంటే వేరే మాట చెప్పాల్సి వచ్చేదనీ అన్నాడు డాక్టరు. ఆ వేరే మాట ఏమిటో మా ఇంట్లో ఎవరమూ అడగలేదు. 

పొక్కులు మానుతుండగానే సంతోషి గడియ తీయడానికి పీట లాక్కోవడం నేర్చుకుంది. బల్ల మీద గోనెపట్టా పరిచి చూశాను. గాలికి ఎగిరి కొబ్బరిచెట్టెక్కింది. బిందెతో నీళ్లు పోశాను. రెండో బిందె తెచ్చేలోపు మొదటిది ఆవిరైంది. నాకు భయమేసింది. నా కునుకు కంటే దాని వాగు బలమైంది.

మా అత్తగారిని వెంటబెట్టుకుని బావగారింటికి వెళ్లాను. మా వైపు భర్త అన్నగారితో ఎదురుపడి మాట్లాడకూడదు, తలుపు చాటున నిలబడి మూడో మనిషితో చెప్పించాలి. నేను టెక్కలిలో బి.ఏ. చదివినా తలుపు చాటు మాత్రం అత్తవారింట్లోనే నేర్చుకున్నాను. అనుకున్నంత చెడ్డదేం కాదు. మొహం కనబడకపోతే ఎంత మాటైనా అనొచ్చు.

"మన్మథా, ఆ బల్ల మీద రెండు కొబ్బరికమ్మలేయించరా. పిల్ల గుంటలు మాడిపోతన్నారు," అన్నారు అత్తగారు.

బావగారు వాలుకుర్చీలో విసనకర్ర ఆపారు. "పందిరా? పందిరెయ్యడానికి పెళ్లా, పేరంటమా పిన్నీ? నాన్నగారి పేరు బస్సులోంచి కనబడాలనే గదా అంతెత్తున రాయించినాను. దాని మీద కమ్మలు కప్పీమంటే ఎలగ?"

"అత్తయ్యా," అన్నాను తలుపు వెనక నుంచి, "పెదమావయ్యగారి పేరు బాగా మెరుత్తందని సెప్పండి. కమాను మీదే కాదు, పిల్ల తొడల మీద కూడా అచ్చుపడిందని సెప్పండి."

లోపల ఎవరో కిసుక్కున నవ్వారు. బావగారు గొంతు సవరించుకున్నారు.

"పిల్లల్ని ఇంట్లో ఉంచుకోవాల గానీ నన్నంటే ఏటి లాభం? సూరుడు నా సేతిలో ఉన్నాడా పిన్నీ?"

"సూరుడు నీ సేతిలో నేకపోతే ఏటి, కళ్లం నీదే గదరా."

"పెళ్లీ నేదు, పేరంటమూ నేదు. పందిరి నేదు," అని పేపరు తెరిచేశారాయన.

ఆ మాట మా వెనకాలే ఇంటిదాకా నడిచి వచ్చింది. రాత్రి కూర తాలింపు వేస్తుంటే కూడా పక్కనే నిలబడింది. పెళ్లీ లేదు, పందిరీ లేదు.

మర్నాడు పొద్దున్న సన్యాసమ్మ చేపల గంపతో వచ్చింది. సముద్రం ఒడ్డు పేట నుంచి వచ్చే మనిషి. ఊళ్లో చేపలమ్మి వచ్చేదాకా మనవరాలు వనజని కళ్లంలో ఆటకి వదిలి వెళ్లేది. వనజకీ సంతోషికీ మంచి స్నేహం. వనజ దగ్గర కొబ్బరిపీచు మీసాలున్న మగబొమ్మ ఒకటి ఉంది. మా సంతోషి దగ్గర మా అత్తగారు బరంపురం పట్టు ముక్కతో చుట్టిన ఆడబొమ్మ ఉంది.

"సన్యాసమ్మా, మీ వనజ బొమ్మకి పెళ్లయిపోయిందా?" అన్నాను.

కత్తిపీట మీద చేప ఆగింది. "బొమ్మకేటమ్మా, పెళ్లి?"

"మా సంతోషి బొమ్మకి సంబంధాలు సూత్తన్నాం."

సన్యాసమ్మ నా మొహం చూసింది. రోడ్డు అవతల తెల్లగా మండుతున్న బల్ల చూసింది. ఆ గచ్చు మీదే మనవరాలి అరికాళ్లు బొబ్బలెక్కడం నాకంటే ముందు ఆమె చూసింది. మళ్లీ చేప కోయడం మొదలుపెట్టింది.

"మావోడు సముద్రం మీద బతికినోడమ్మా. నీడ నేని సోట పీటల మీద కూకోడు. పెద్ద పందిరెయ్యాల మరి. బల్లంత పొడుగు పందిరి."

"ఆడపెళ్లివారం. మాకు తప్పుద్దా?"

పెళ్లంటే కాదనే మనిషి కారు మా బావగారు. చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లయినా పందిట్లో మొదటి కుర్చీ ఆయనదే. కుర్చీ వెయ్యకపోయినా ఆయన కూర్చున్నది మొదటిదవుతుంది. పిల్లలందరికీ తలంటి, బొట్లు పెట్టి, కంచంలో అక్షింతలూ తాంబూలమూ పట్టించి బావగారింటికి పంపాను. "ఆడపెళ్లోరి పెద్ద మీరేనంట పెదనాన్నా," అని సంతోషి చెప్పింది. ఆయన మెత్తబడిపోయి దాని తల మీద చెయ్యేశారు.

"పందిరికి కళ్లంలో రవ్వంత సోటిమ్మంది మాయమ్మ."

"ఎక్కడో ఓ కాడ యేసుకోండమ్మా. బొమ్మలపెళ్లికి ఎంత సోటు గావాల!"

వైశాఖంలో మంచి రోజు చూసి దాలయ్య వచ్చాడు. పెళ్లి పందిళ్లకి అతనే. సరుగుడు గుంజలు నాటి, అల్లిన కొబ్బరి కమ్మలు రెండు వరసలు పరిచి, బల్ల మెట్ల నుంచి చివరిదాకా, ఉయ్యాలల మీదుగా, గాలి ఆడేలా పక్కలు వదిలి కప్పేశాడు. మా అత్తగారు రాటకి పసుపు రాసి, మామిడాకులు కట్టి, నవధాన్యాల మూట వేలాడదీశారు. మా వైపు రాట పడిందంటే ఇక అది మామూలు గుంజ కాదు. కొత్తజంట మనుగుడుపులకి వచ్చి వెళ్లేదాకా పెళ్లి పందిరి ఎవరూ విప్పరు. విప్పితే ఆ ఇంటికి మంచిది కాదు. 

పట్టు కండువా వేసుకుని వచ్చిన బావగారు కళ్లం అంచునే ఆగిపోయారు. నాతో నేరుగా మాట్లాడకూడదన్న సంగతి ఆయన మరిచిపోయారు. తలుపు తెచ్చుకోవడం నేను మరిచిపోయాను.

"అమ్మాయీ, పందిరి బల్ల మీదకొచ్చీసిందేటి?"

"ఎక్కడో ఓ కాడ యేసుకోమన్నారు గదండీ బావగారూ. అక్కడే వాస్తు కుదిరింది."

ఆయన తలెత్తి చూశారు. కమాను, ఎర్ర అక్షరాలు, అన్నీ ఆకుల్లోకి వెళ్లిపోయాయి. "మరి నాన్నగారి పేరు..."

"మీ నాన్న పెళ్లి పందిట్లో కూకున్నాడనుకోరా," అన్నారు మా అత్తగారు. "ఎప్పుడూ ఎండలో నిలబెడతావేటి ఆ మనిషిని?"

ఇంతలో మగపెళ్లివారు దిగారు. చేపల గంపని కడిగి, పూలు కట్టి, అందులో పెళ్లికొడుకుని కూర్చోబెట్టుకుని వచ్చింది సన్యాసమ్మ. వెనక పేట పిల్లలు డబ్బాలు వాయిస్తున్నారు. పందిరి ముందు గంప దించి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏటి బావగారూ! మగపెళ్లోరు వొచ్చి నిలబడితే కాళ్లు కడగరా? ఇదేనా బుగతల మర్యాద?"

చేపలమ్మే మనిషి మా బావగారిలాంటి బుగతని, ఊరి భూస్వామిని, ఏనాడూ బావా అనలేదు. ఆయన ఆమెని చూశారు. గంపలో పీచు మీసాలు మెలేసుకుని కూర్చున్న అల్లుణ్ని చూశారు. చుట్టూ ఉన్న పిల్లల మొహాలు చూశారు. పెళ్లిలో మర్యాద తప్పడమనేది ఆయన జన్మలో జరగలేదు.

"సెంబు తెండర్రా," అన్నారు చివరికి.

ఆ బొమ్మకి కాళ్లు లేవు. ఉన్నంతలో పీచు కడిగారు. 

పెళ్లి బాగా జరిగింది. అప్పగింతలప్పుడు సంతోషి వెక్కి వెక్కి ఏడ్చింది. కొత్తజంట చేపల గంపలో సముద్రం ఒడ్డుకి వెళ్లిపోయింది. పందిరి ఉండిపోయింది.

ఆ మర్నాటి నుంచి మా కప్పు మీద వాగు పారలేదు.

"గెడ్డేదమ్మా?"

"ఎండల కాలం గదా. గెడ్డలు ఎండిపోతాయి."

నేను కూడా పడకగది మానేశాను. మధ్యాహ్నం చాప పందిట్లోనే. కమ్మల సందుల్లోంచి జారిన వెలుగు చేపపొలుసుల్లా పిల్లల వీపుల మీద, జుట్టు మీద మెరిసేది. గాలికి ఆ పొలుసులు కదిలితే పిల్లలందరూ నీళ్ల అడుగున ఈదుతున్నట్టుండేది. కొబ్బరిబొండాలు, మట్టికుండలో నీళ్లు, తడి గోనె చుట్టిన కుండ అంచున పిచ్చుకలు. మా అత్తగారు రోజూ అరచెయ్యి తిప్పి బల్ల మీద ఆనించి, పెనం కాలిందా లేదా చూసినట్టు చూసేవారు. "అట్టేసుకోవొచ్చు," అన్నారంటే ఆ పూట బల్ల లేదు, ఉయ్యాలలే. మిట్టమధ్యాహ్నం ఉయ్యాలలు కూడా లేవు, కథలే. కథ మధ్యలో నాకే నిద్ర వచ్చేది. సంతోషి నా రెప్ప ఎత్తి చూసేది, లోపల మిగతా కథ ఉందేమోనని.

బావగారు మాత్రం రోజూ రోడ్డు మీద ఆగి లెక్కగా అడిగేవారు. "మనుగుడుపులెప్పుడు సన్యాసమ్మా? పిల్లనీ పిల్లోణ్నీ తీసుకురా. పందిరి ఇప్పీయాల."

"ఎలగ తెమ్మన్నావు బావా? అబ్బాయి సముద్రం మీద ఏటకెల్లినాడు."

"ఏట నిసేదం గదా ఇప్పుడు! ఒక్క పడవా ఎల్లడం నేదు."

"నిసేదం పడవలకి గానీ బొమ్మలకి కాదు గదా," అని ఎండుచేపల గంప ఎత్తుకుని వెళ్లిపోయేది. ఇంకో రోజు పెళ్లికూతురికి కడలిగాలి పడలేదంది. ఇంకో రోజు అత్తా కోడళ్లకి మాట పట్టింపు వచ్చిందంది.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలే ఎండలు. కమ్మలు ఎండి గోధుమరంగుకి తిరిగాయి. బావగారి ఓపిక కూడా ఎండిపోయింది. ఒక మధ్యాహ్నం పిల్లలు మా ఇంట్లో తినడానికి కూర్చున్నప్పుడు ఆయన ఒక్కరే కళ్లంలోకి రావడం కిటికీలోంచి కనబడింది. రాట దగ్గర నిలబడి ముడులు చూశారు. చెయ్యి వేశారు. విప్పబోయారు. పసుపు చూసి మళ్లీ ఆగారు. ఎటూ తేల్చుకోలేక, కాస్త ఆలోచించుకుందామని కాబోలు, బల్ల కింది చివర కూర్చోబోయారు.

ఆ చివర జానెడు మేర కమ్మలు చిరిగి ఎండ పడుతోంది.

కూర్చోవడం కంటే లేవడం వేగంగా జరిగింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని అటూ ఇటూ చూశారు. రోడ్డు మీద ఎవరూ లేరు. నేను చూడలేదు. మా అత్తగారు కూడా చూడలేదు. చూడలేదని ఆ వేసవంతా ఒకరికొకరం చాలాసార్లు చెప్పుకున్నాం.

ఆయన వెంటనే వెళ్లిపోలేదు. వంగి, బల్ల ఎంత ఎత్తుందో చేత్తో కొలుచుకున్నారు. అది సంతోషి నడుం ఎత్తు. చాలాసేపు ఆ చెయ్యి అక్కడే గాలిలో ఉంచి నిలబడ్డారు. తరవాత మా ఇంటి వైపు చూశారు. నేను కిటికీ పక్కకి తప్పుకున్నాను.

సాయంత్రానికి ఆయన తోట నుంచి బండెడు పచ్చి కమ్మలు వచ్చాయి. దాలయ్య ఇంకో వరస కప్పి, ఆ జానెడు మేరా ముందుకి పెంచాడు. ఎవరు చెప్పారు అంటే, "బుగతోరే. ఎవుల్తోనూ అనొద్దన్నారు," అని అందరితోనూ అన్నాడు.

మృగశిరలో మొదటి వాన పడింది. మోసం చేసే చప్పుడు కాదు, నిజం వాన. ఇక సాకులు అక్కర్లేదు. సన్యాసమ్మ గంప మీద ప్లాస్టిక్ గుడ్డ కప్పుకుని కొత్తజంటని తెచ్చింది. మా అత్తగారు పాయసం చేశారు. కమ్మల అంచు నుంచి ధార కారుతుంటే పిల్లలు దోసిళ్లు పట్టారు. బల్ల చల్లగా, తడిగా నల్లబడి ఉంది. దాని మీద నీళ్లు పాయలుగా జారుతున్నాయి.

"అమ్మా, గెడ్డ! గెడ్డొచ్చీసింది!" అంటూ సంతోషి జారింది. ఈసారి నీళ్లు కాలలేదు. మళ్లీ ఎక్కింది, మళ్లీ జారింది.

బావగారు మొదటి కుర్చీలో కూర్చుని పాయసం తాగుతూ చూస్తున్నారు. మెత్తటి దిండు వేసుకున్నారు. అది ఎందుకో ఎవరమూ అడగలేదు.

దాలయ్య గుంజ దగ్గర నిలబడి కత్తి తీశాడు. "మనుగుడుపులైపోనాయి. ఇప్పీమంటారా బాబూ?"

బావగారు గ్లాసు కింద పెట్టారు. కమ్మల్లోంచి కనబడీ కనబడని ఎర్ర అక్షరాల వైపు చూశారు. తడిసి ముద్దై మళ్లీ మెట్లెక్కుతున్న సంతోషిని చూశారు. ఆ తరవాత సన్యాసమ్మ వైపు కాస్త వంగి, మగవాళ్లు ఆడవాళ్ల సంగతులు మాట్లాడేటప్పుడు తెచ్చుకునే గొంతు తెచ్చుకున్నారు.

"సన్యాసమ్మా, అమ్మాయికి ఏటైనా విశేషమా?"

సన్యాసమ్మ ఒక్క క్షణమే ఆలోచించింది. "నెల తప్పింది బావా."

"సూసినావా మరి," అన్నారాయన దాలయ్యతో. "సీమంతం అవ్వకుండా పందిరెలగ ఇప్పుతావురా? కత్తి లోపలెట్టు."